అడిగిన ఇంటికి అడిగిన సామాను

మా అత్తవారింట ఒక ఆనవాయితీ ఉంది. శివరాత్రి దాటాక, ఎండలు ముదరకముందు వచ్చే ఒక ఆదివారం నాలుగిళ్ళ వాళ్ళం కలిసి అలియాబాద్‌లో మా చిన్నత్తగారి చెలకకు, అంటే మెట్టచేనుకు, వెళ్తాం. పొద్దున్నే వెళ్ళి, వేపచెట్ల కింద మూడు రాళ్ళు పెట్టి వండుకొని, తిని, పొద్దుగూకేవేళకు తిరిగి వస్తాం. మా వాళ్ళు దీన్ని చెట్లకిందికి పోవడం అంటారు. మాంసం ఒక ఇంటిది, వంట ఒక ఇంటిది, కట్టెలూ నీళ్ళూ ఒక ఇంటివి, సామాను ఒక ఇంటిది. ఏటేటా వంతులు మారతాయి.

సామాను అంటే కూర్చోవడానికి, నీడకు, కాళ్ళకు, ఒంటికి, మంచినీళ్ళకు కావలసినదంతా. ఆ వంతు వచ్చిన ఇల్లు మిగిలిన ఇళ్ళ దగ్గర డబ్బు తీసుకొని కొనుక్కురావాలి. మా మామగారు బతికి ఉన్నప్పుడు దీనికి ఒకే ఒక నియమం పెట్టారు: అడిగిన ఇంటికి అడిగిన సామాను. ఒకరి డబ్బుతో కొనేటప్పుడు మన పెద్దరికం చూపించకూడదని ఆయన ఉద్దేశం. సలహా చెప్పవచ్చు, వస్తువు మార్చకూడదు. ఈ నియమంతో ఒక మనిషిని శిక్షించవచ్చునని ఆయన ఊహించి ఉండరు.

నిరుడు సామాను వంతు మా మరిదిది. శామీర్‌పేట చుట్టుపక్కల ప్లాట్లు అమ్ముతాడు, మాట నేర్పరి. మా ఇంటికి రెండు గట్టి కుర్చీలు కావాలని అడిగి డబ్బిచ్చాను. అతను ప్లాస్టిక్ స్టూళ్ళు తెచ్చాడు. తనకు మాత్రం చేతులున్న కుర్చీ తెచ్చుకున్నాడు. ఆ స్టూలు మీద నేను పళ్ళెం పట్టుకొని కూర్చున్న రెండు నిమిషాలకు దాని కాలు ఒకటి పక్కకు విరిగింది. నేను వెల్లకిలా పడ్డాను. అన్నం, పులుసు నా ముఖం మీద, చీర మోకాళ్ళ మీద. అందరూ నవ్వారు. అది నేను క్షమించగలను, పడితే నవ్వుతారు. కానీ మా మరిది అప్పటికే ఫోన్ పట్టుకొని ఉన్నాడు. రాత్రికి ఆ వీడియోకు ఒక సినిమా పాట బాజా జోడించి కుటుంబం గ్రూపులో పెట్టాడు. వారం తిరిగేలోపు అది నా ఆఫీసుకు చేరింది.

నేను మేడ్చల్‌లో ఒక విత్తనాల గోదాములో లెక్కలు చూస్తాను. శనివారం కూలి డబ్బులు లెక్కగట్టడానికి ప్యాకింగ్ షెడ్డులోకి అడుగుపెడితే ఎవరో ఒకరు ఆ బాజా నోటితో వాయించేవారు. అటు తిరిగి చూస్తే అందరూ జొన్న గింజల్లో తలలు పెట్టుకొని ఉండేవారు. ఇరవై రెండేళ్ళుగా ఆ షెడ్డులో నా మాటకు ఒక బరువు ఉండేది. అది పదకొండు సెకన్ల వీడియోతో పోయింది.

నేను మా మరిదిని కోరింది ఒక్కటే. ఏ నాలుగిళ్ళ ముందు నవ్వించాడో, ఆ నాలుగిళ్ళ ముందే తప్పయిందని చెప్పాలి. ఫోన్‌లో అడిగాను. ఇంటికి వెళ్ళి అడిగాను.

"అయ్యో వదినా, జోక్ గూడ సమజ్ గాదా నీకు? జర నవ్వు నేర్సుకో!" అన్నాడు.

మా ఆయన కూడా అదే పాట. "పోనియ్యి, తమ్ముడే గదా" అని నిరుడంతా ఎన్నిసార్లు అన్నారో నా డైరీలో ఉంది. తమ్ముడి మీద ప్రేమ అనుకున్నాను.

ఈ ఏడు సామాను వంతు నాకు వచ్చింది. ఆ సంగతి తెలిసిన రాత్రి నేను చాలా హాయిగా నిద్రపోయాను.

*

ముందు చిన్నత్తగారు ఫోన్ చేశారు. మా మామగారి చెల్లెలు ఆమె, చెలక ఆమెదే. "ఐదు నూర్లకంటె ఎక్కువ నాతోటి గాదు బిడ్డా. కింద కూసుంటె లేసుడు అయితలేదు. గదొక్కటి జూడు."

ఐదు వందలు తక్కువ డబ్బు కాదు, ఏం కావాలో తెలిస్తే. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషికి మెత్తని ఆసనం కాదు, ఎత్తయిన ఆసనం కావాలి. కూర్చున్నప్పుడు తుంటి మోకాలి కన్నా కిందికి దిగకూడదు. మేడ్చల్ రోడ్డు పక్కన అమ్మే వెదురు మోడాలను వరుసగా కూర్చొని చూశాను. నాలుగోది కిర్రుమనలేదు. మూడు వందల నలభై. ఒక ముతక నూలు తువ్వాలు తొంభై, తడిపి తల మీద వేసుకుంటే ఏ టోపీ దాని ముందు నిలవదు. డెబ్బై రూపాయలు ఆమెకు తిరిగి ఇచ్చేశాను.

మా ఆడపడుచు గాజులరామారంలో ఉంటుంది. ఇద్దరు పిల్లలు, ఒకటిన్నర గదుల ఇల్లు. "పదిహేను నూర్లు వెట్టగల్గుత వదినా. గని ఒక్కనాటి కోసం కొనే సామాను నాకొద్దు. తెల్లారి ఇంట్ల గూడ పనికి రావాలె" అంది. నాకు ఆ షరతు నచ్చింది. జీడిమెట్ల దగ్గర ఒక ముసల్మాను వ్యాపారి పాత లారీ తాటిపత్రులు, అంటే టార్పాలిన్లు, అమ్ముతాడు. కొత్త నీలం రంగు కవరు అదే ధరకు వస్తుంది, కానీ ఒక్క వేసవికి పొడిపొడి అవుతుంది. పాతది మందం, దాని కింద ఎండ కూడా వడకట్టినట్టు దిగుతుంది.

"దేఖో అమ్మా, రెండు వానకాలాలు లారీ మీద తిరిగింది. ఒక్క సురాఖ్ లేదు" అన్నాడాయన.

నేను దాన్ని నలుగురి చేత ఎత్తించి, కింద నిలబడి సూర్యుడికి ఎదురుగా చూశాను. మూడు చోట్ల చుక్కల్లా వెలుతురు కనిపించింది. ఆ మూడూ చూపించి ధర తగ్గించమన్నాను.

"మీ ఇంటాయన ఎట్ల ఎల్లదీస్తాండో అమ్మా మీతోటి!" అని నవ్వి, నూటయాభై తగ్గించి, అతుకు వేసే గుడ్డముక్క ఊరికే ఇచ్చాడు. మిగిలిన డబ్బుతో నూలు తాళ్ళు, పిల్లలకు వెడల్పు అంచు టోపీలు వచ్చాయి. ఇప్పుడా తాటిపత్రి వాళ్ళ డాబా మీద పిల్లల ఆటలకు నీడ ఇస్తోంది.

మా ఇంటికి నేను పెట్టుకున్న లెక్క మూడు వేలు. అందులో సగానికి పైగా మా ఆయన నడుము కోసమే. ఇనుప చట్రం, మందపాటి కాన్వాసు ఉన్న మడత కుర్చీ. మడత కుర్చీ కొనేటప్పుడు గుడ్డను కాదు, కీళ్ళను చూడాలి. రివెట్లు ఇనుపవైతే తీసుకోవాలి, ప్లాస్టిక్‌వైతే వదిలేయాలి. కూర్చొని ఎడమకు, కుడికి బరువు మార్చి చూడాలి. దుకాణంలో వాళ్ళు మనల్ని వింతగా చూసినా సరే. ఆ మీదట మా అత్తమ్మకు ఇంకో మోడా, నీళ్ళకు పెద్ద కూలింగ్ డబ్బా, నాకు లారీ టైరు అట్టతో కుట్టించిన చెప్పులు. ఆ చెలక గట్టు పొడుగునా సర్కారు తుమ్మ ఉంది. ఆ ముల్లు మామూలు రబ్బరు చెప్పును సూదిలా దాటి పాదంలోకి వస్తుంది. మొన్న చలికాలంలో తుమ్మ కొట్టించారు కనుక రాలిన ముళ్ళు ఈసారి నేలంతా ఉంటాయని నాకు తెలుసు.

మా మరిదికీ తెలిసి ఉండాలి. అక్కడే పుట్టి పెరిగినవాడు. కానీ అతను ఇప్పుడు నేల వైపు చూడడు, నేలను ప్లాట్లుగా మాత్రమే చూస్తాడు.

"వదినా, మాకు బడ్జెట్ గిడ్జెట్ లేదు. పైసలెన్నైనా గానీ. మస్తు షాన్‌గ ఉండాలె" అని ఇరవై వేలు పంపి, ఫోటోలు కూడా పంపాడు. ఒక్క గుంజుతో విచ్చుకునే డేరా. నల్లని బిగుతు బనియన్లు. పైన వలలాంటి గుడ్డ ఉన్న జాలీ బూట్లు. అన్నిటికన్నా ముఖ్యంగా, గాలి నింపుకొని పడుకునే సోఫా.

ఆ సోఫా ఫోటో చూసి నేను కాసేపు ఫోన్ పక్కన పెట్టి, లేచి మంచినీళ్ళు తాగి వచ్చాను.

నేను అతన్ని హెచ్చరించాను. ఈ మాట స్పష్టంగా రాయాలి, ఎందుకంటే ఇప్పటికీ మా యారాలు, అంటే అతని భార్య, "అక్క ఒక్క మాట జెప్తే అయిపోవు గదా" అంటోందని విన్నాను. కుటుంబం గ్రూపులో అందరూ చదివేలా రాశాను: అది ముళ్ళ జాగ, గాలి సోఫా వద్దు, ఆ డబ్బుతో నాలుగు మంచి కుర్చీలు వస్తాయి. అతను నవ్వుతున్న బొమ్మలు పెట్టాడు. హైవే పక్కన ఉన్న పెద్ద ఆటసామాన్ల దుకాణం నుంచి వీడియో కాల్ చేశాను. అక్కడి అమ్మాయి "సర్, ఇది లాన్ మీద వాడేది. గరుకు నేలకు పనికిరాదు" అని చెబుతుండగా ఫోన్ ఆమె ముఖానికి దగ్గరగా పట్టుకున్నాను.

"లాన్ గీన్ నాకొద్దు. నా బరువు ఆపుతదా లేదా?"

"నూట యాభై కిలోలు ఆపుతుంది సర్."

"అగో! ప్యాక్ జేయించు వదినా. నీకు పైసలు ఖర్సు వెట్టాల్నంటె పాణం వోతది, నాకెరుక."

నేను వద్దన్నదాన్ని పట్టుబట్టి కొనడం అతని స్వభావం. పెళ్ళయిన నాటి నుంచి చూస్తున్నాను. అందుకే వద్దని అన్నాను, అంత గట్టిగా అన్నాను. అడిగిన ఇంటికి అడిగిన సామాను. బిల్లులన్నీ అతనికి పంపాను.

చివరగా నా సొంత డబ్బుతో ఒక ఈత చాప కొన్నాను. అది ఏ ఇంటి లెక్కలోనూ లేదు.

*

ఆ ఆదివారం తొమ్మిదికల్లా చెలకలో ఉన్నాం. వేపచెట్ల మధ్య తాటిపత్రి కట్టించాను, పడమటి వైపు కాస్త దించి, ఎందుకంటే మధ్యాహ్నం ఎండ అటునుంచే వస్తుంది. దాని కింద చిన్నత్త, అత్తమ్మ మోడాల మీద, మా ఆయన కుర్చీలో, ఆడపడుచు వంట దగ్గర. ఆమె భర్తా పిల్లలూ పొయ్యికి చితుకులు ఏరుతున్నారు. నేను ఒక బండరాయి మీద కూర్చొని, చుట్టిన చాపను కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను.

మా మరిది తన డేరాను చెట్టు కింద వేయలేదు. చెరువు కనిపించాలని, ఫోటోలు బాగా రావాలని, బయట ఎండలో వేశాడు. ఒక్క గుంజుకు అది విచ్చుకుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. పదకొండు దాటేసరికి మా యారాలు ముఖం ఎర్రగా చేసుకొని అందులోంచి బయటికి పాకి వచ్చింది.

"అక్కా, లోపట కుమ్ములో వెట్టినట్టున్నది" అంటూ తాటిపత్రి కిందికి చేరింది. నేను జరిగి చోటిచ్చాను. ఆమె మీద నాకే కక్షా లేదు.

ఇక సోఫా. దాన్ని నింపడానికి పంపు ఉండదు. మూతి తెరిచి పట్టుకొని గాలికి ఎదురు పరుగెత్తాలి. నల్ల బనియను, నల్ల కళ్ళద్దాలతో, యాభైకి దగ్గరపడ్డ మనిషి ఆ పసుపుపచ్చ సంచిని రెండు చేతులా పట్టుకొని చెలకంతా పరుగెత్తాడు.

"ఏమైందే వీనికి? పట్టపగలు దయ్యం వట్టిందా?" అంది మా అత్తమ్మ.

"సోఫా అంటనే అమ్మా, గాలి వడ్తున్నడు" అంది ఆడపడుచు గరిటె ఆడిస్తూ.

"గాలి వట్టేదానికి పైసలెందుకు వెట్టిండు?"

దాని మీద అతను కాళ్ళు చాపుకొని పడుకున్నాడు. ఫోటోలు తీయించుకున్నాడు. "ఏం వదినా, రాయి మీద కూసున్నవ్? గుచ్చుకుంటలేదా?" అని నన్ను అడిగాడు. లేదన్నాను. గడియారం చూసుకోలేదు. పొయ్యి మీద మాంసం ఒక పొంగు వచ్చి తగ్గేలోపు అతని నడుము భాగం కిందికి దిగడం మొదలైంది. ముందు అతను గమనించలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ అతని మోకాళ్ళు పైకి, గడ్డం ఛాతీకి వచ్చాయి. చివరికి ఆ పసుపు గుడ్డ రెండు వైపుల నుంచీ అతన్ని కప్పేసింది.

మూతి సరిగ్గా బిగించలేదేమోనని మళ్ళీ పరుగెత్తాడు. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు, పిల్లలు పొట్టలు పట్టుకొని నవ్వారు. మళ్ళీ దిగింది. ఇంకోసారి పరుగెత్తుదామంటే పల్లేరుకాయలు జాలీ బూట్లలోంచి లోపలికి దిగి కాలు నేల మీద ఆనడం లేదు. డేరాలోకి వెళ్ళబోయి, చెయ్యి పెట్టి వెనక్కి తీసుకున్నాడు. వంట అయింది. మోడాల మీద, కుర్చీలో, బండరాళ్ళ మీద అందరూ కూర్చున్నారు. అతను ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. ఖాళీ రాయి మిగల్లేదు, నేల మీద కూర్చోవడానికి ముళ్ళు.

"వదినా, గా సాప ఖాళీగనే ఉన్నది గదా. ఇటియ్యి."

"ఇస్త. ముందుగాల ఒక మాట జెప్పు."

"ఏం మాట?"

"నిరుడు జేసింది తప్పని."

"ఇంకా గదే వట్టుకున్నవా? ఏడాదైంది వదినా!"

"నువ్వు మర్సిపోయినవ్. నేను మర్సిపోలే."

అతను తల్లి వైపు తిరిగాడు. "జూడమ్మా, సాప కోసం బేరం వెడ్తాంది!"

"అడిగినదానికి జవాబియ్యిరా. నువ్వట్ల నిలవడితె తల ఎత్తి సూసి సూసి నాకు మెడ నొస్తాంది" అంది అత్తమ్మ.

మా యారాలు లేచింది. "అక్కా, ఆయన తరపున నేను జెప్తున్న..."

"వీడియో నువ్వు దీసినవా?"

"లే."

"ఐతే నువ్వు జెప్పొద్దు. కూసో."

అతను బూటు విప్పి, సాక్సుకు అంటుకున్న ముళ్ళు పీక్కుంటూ, నేల చూస్తూ అన్నాడు, "తప్పైంది వదినా."

"చిన్నత్తకు ఇనరాలే."

చిన్నత్తగారి చెవులు అందరికన్నా చురుకు. ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని, "అవు బిడ్డా, నాకు జర దూరమైంది" అంది.

"తప్పైంది! వీడియో దీసుడూ తప్పే, గ్రూపుల వెట్టుడూ తప్పే! సాలా?"

"నా ఆఫీసుకు వంపుడు?"

ఇక్కడ అతను తలెత్తాడు. ముఖంలో నిజమైన ఆశ్చర్యం. "ఆఫీసుకు నేనెందుకు వంపుత వదినా? నీ ఆఫీసుల నాకెవ్వరెరుక? అన్ననడుగు. మీ స్టోరాయన అన్న దోస్తే గదా."

మా ఆయనది మేడ్చల్‌లో ఎరువుల దుకాణం. మా గోదాము స్టోరు ఇన్‌ఛార్జి ఆయనతో రోజూ సాయంత్రం చాయ్ తాగుతాడు. ఇది నాకు తెలుసు. తెలిసి కూడా ఏడాది పాటు అటు చూడలేదు.

నేను కొన్న కుర్చీలో, నేను ఎంచిన ఇనుప కీళ్ళ మీద, ఆయన కదలకుండా కూర్చొని ఉన్నారు.

"దోస్తే గదా అని వంపిన" అన్నారు చివరికి. "గాయన అందరికి సూపెడ్తడని నాకెరుకనా?"

పోనియ్యి, తమ్ముడే గదా. నిరుడంతా ఆ మాట ఎవరిని కాపాడడానికి అన్నారో అప్పుడు అర్థమైంది. అందరూ నన్నే చూస్తున్నారు. ఆయన లేవబోయారు, తప్పయిందని అప్పటికప్పుడు చెప్పేసి భోజనానికి కూర్చుందామని.

"ఇక్కడ వద్దు" అన్నాను. "ఇక్కడోళ్ళకు మీరు వంపలేదు. వంపిన కాడ జెప్పుండ్రి. రేపు పదకొండు గంటలకు మా షెడ్డుల చాయ్ టైం."

"పిచ్చి లేసిందా? గంత మంది కూలోళ్ళ ముంగట..."

"గంత మందే సూసిండ్రు."

మరిదికి చాప ఇచ్చాను. చెప్పిన మాట ప్రకారం ఇవ్వాలి కనుక ఇచ్చాను. వడ్డన నాదే. జొన్నరొట్టె, పచ్చిపులుసు, మాంసం ఎవరికీ తక్కువ చేయలేదు. అందరూ ఆశపడే మూలుగ బొక్క మరిది పళ్ళెంలోనే పడింది. మా ఆయన పళ్ళెంలో కూడా సరిగ్గా అందరికీ వేసినంతే వేశాను. తిండిలో చెయ్యి బిగబట్టి ఉంటే వాళ్ళకు నా మీద చెప్పుకోవడానికి ఒక మాట దొరికేది. అది నేను ఇవ్వదలచుకోలేదు.

ఇంటికి వచ్చాక ఆయన నాలుగైదు రకాలుగా మాట్లాడారు. కోపంగా, నవ్వుతూ, నడుము నొప్పి గుర్తుచేస్తూ. రేపు దుకాణానికి ఎరువుల లోడు వస్తోందన్నారు. పదకొండు గంటలకు అని మాత్రమే నేను జవాబు చెప్పాను.

మర్నాడు పదకొండు గంటలకు జల్లెడ మిషను ఆగింది. గాలిలో గింజల దుమ్ము, మందు పట్టించిన విత్తనాల గులాబీ రంగు ఇంకా తేలుతోంది. ఆడకూలీలు ముఖాలకు కట్టుకున్న గుడ్డలు విప్పి గ్లాసులు అందుకుంటున్నారు. ఆయన హెల్మెట్ చేతిలో పట్టుకొని వచ్చి, తూకం మిషను పక్కన నిలబడ్డారు. స్టోరు ఇన్‌ఛార్జి ఆయన్ని చూసి నవ్వబోయి, నన్ను చూసి ఆగిపోయాడు.

"నిరుడు మా ఇంటామె పడ్డ వీడియో గీడికి వంపింది నేనే" అన్నారు. "వంపకుండ ఉండాల్సింది. తప్పు నాదే."

వెనక వరుసలో, బస్తాల మూతులు కుట్టే ఒకామె గ్లాసు దించి, "సారూ, మా ఇంటాయనకు గూడ గిట్ల జెప్పుడు జర నేర్పియ్యుండ్రి" అంది. షెడ్డు మొత్తం నవ్వింది. ఏడాదిలో మొదటిసారి ఆ నవ్వు నా మీద కాదు. స్టోరు ఇన్‌ఛార్జి ఎవరూ అడగకముందే ఫోన్ తీసి, ఏదో వెతికి, తుడిచేసి, జేబులో పెట్టుకున్నాడు.

ఆయన ఇంకాసేపు అక్కడే నిలబడ్డారు, హెల్మెట్ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ. చాయ్ పోసేవాడు కెటిల్ పట్టుకొని అందరి దగ్గరికీ వచ్చి, ఆయన దగ్గర ఆగి, పోయమంటారా అన్నట్టు నా వైపు చూశాడు.

నేను నా గ్లాసు ముందుకు చాపాను. ఆయనకు పోయమని చెప్పలేదు.